గాలోడి బుట్టలో అక్క

తమ్ముణ్ణి వీధిలో అందరూ గాలోడు అనేవాళ్ళు. చదువు మధ్యలో వదిలేసినప్పుడు మొదటిసారి అన్నారు. ఫోన్ల షాపులో చేరి మానేసినప్పుడు, కొరియర్ బండి నడిపి మానేసినప్పుడు, ఈతకొలను దగ్గర కాపలా ఉద్యోగం నాలుగు రోజుల ముచ్చట చేసుకున్నప్పుడు ఆ పేరు మరింత గట్టిపడింది. చివరికి అతను వేడిగాలి బెలూన్లు నడపడం నేర్చుకుంటున్నాడని తెలిసి వీధి వీధంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది.

"ఇన్నాళ్ళకి పేరు నిలబెట్టుకున్నాడు" అన్నాడు బావ, తన కళ్ళజోళ్ళ షాపులో అద్దం తుడుస్తూ.

అక్క మాత్రం నవ్వలేదు.

అక్క డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుంటుంది. ఆ సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఎదుటివాళ్ళు కంగారులో ఏది తొక్కినా, ఏది తొక్కకపోయినా బండి ఆపే భారం ఆ రెండో బ్రేకుదే, అంటే అక్కదే. ఆ కాలు ఎంత అలవాటు పడిపోయిందంటే, ఇంట్లో సోఫాలో కూర్చుని టీవీలో కారు వేగంగా మలుపు తిరగడం చూసినా నేలకేసి నొక్కేస్తుంది. "మెల్లిగా నొక్కవే, కింద వాటాలో వాళ్ళు పైకొచ్చి అడుగుతారు" అంటాడు బావ.

అమ్మ పోయేనాటికి తమ్ముడికి బూట్ల లేసులు కట్టుకోవడం కూడా రాదు. నాన్నది ఊళ్ళు పట్టుకు తిరిగే ఉద్యోగం. తల దువ్వడం దగ్గర్నుంచి బడిలో చీవాట్లు తినడం దాకా అన్నీ అక్కే చేసింది. వాడి విషయంలో కూడా ఆవిడ కాలు ఎప్పుడూ బ్రేకు మీదే ఉండేది. గోడెక్కకు, నీళ్ళలో దిగకు, ఆ సైకిలు ముట్టుకోకు. వాడు ఎక్కేవాడు, దిగేవాడు, ముట్టుకునేవాడు. ఇంటికొచ్చి చెప్పేవాడు మాత్రం కాదు. చెప్తే అక్క ముఖం ఎలా మారిపోతుందో వాడికి తెలుసు. అలా దాచడం వాడికి చిన్నప్పుడే అలవడింది.

ఇప్పుడు తమ్ముడికి పైలట్ లైసెన్సు వచ్చింది. ఊరి బయట మైదానంలో ఏటా జరిగే బెలూన్ల పండగలో తొలిసారి సొంతంగా జనాన్ని ఎక్కించుకోబోతున్నాడు. "నా బుట్టలో మొదటి చోటు నీదే బావా" అని ఫోన్ చేశాడు. బావ ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు. ఆ వారమంతా అక్కకి తిండి సయించలేదు. కారు నేర్చుకోవడానికొచ్చిన ఒకమ్మాయి ఎర్రదీపం దగ్గర చక్కగా ఆపినా, అక్క కూడా తన బ్రేకు తొక్కేసి ఇద్దరి తలలూ ముందుకు ఊగేలా చేసింది.

ఆ రోజు తెల్లవారకముందే ముగ్గురూ, అంటే అక్క, బావ, ఆవిడ భయం, కారెక్కి బయల్దేరారు. మైదానం చేరేసరికి తూర్పున వెలుగు రేఖ కట్టింది. గడ్డి నిండా మంచు. ఎక్కడ చూసినా నేల మీద పరిచిన రంగు రంగుల గుడ్డలు. ఒక్కోటి పెళ్ళి పందిరికి సరిపోయేంత. పెద్ద ఫ్యాన్లు పెట్టి వాటి నోళ్ళలోకి గాలి కొడుతుంటే అవి నిద్రలో పక్కకి ఒత్తిగిలుతున్నట్టు మెల్లగా పొంగుతున్నాయి. ఉన్నట్టుండి ఎక్కడో ఒక బర్నర్ వెలిగించేవాళ్ళు. నిలువెత్తు మంట, చెవులు గింగుర్లెత్తే రొద. అది వెలిగిన ప్రతిసారీ అక్క బావ మోచేయి పట్టుకునేది.

"నా చెయ్యి నాకు కావాలే, ఫోటోలు తియ్యాలి" అన్నాడు బావ.

తమ్ముడి బెలూన్ నారింజ రంగుది. తోలు చేతొడుగులు వేసుకుని, ముఖం వెలిగిపోతూ ఎదురొచ్చాడు. అక్క వాడి ముఖం చూడలేదు. పక్కకి వాల్చి ఉన్న బుట్ట చూసింది. పేము బుట్ట.

"ఏమిట్రా ఇది, మన ఇంట్లో మాసిన బట్టలేసే బుట్టలా ఉంది!"

"పేమైతేనే మంచిది అక్కా. గుద్దుకున్నా వంగుతుంది గానీ విరగదు."

"గుద్దుకోవడమేమిటి?"

"అంటే... ఒకవేళ."

తమ్ముడు గ్యాస్ సిలిండర్ల పట్టీలు బిగించడానికి వెళ్ళాడు. ఆవిడ బుట్ట చుట్టూ తిరిగి, లోపల తోలు అంచులు, తాళ్ళు, కొక్కేలు ఒక్కొక్కటీ లాగి చూడసాగింది. అవతలి వైపు తాళ్ళు సర్దుతున్న ఇద్దరు పనివాళ్ళకి ఆవిడ కనపడలేదు.

"ఇవాళైనా కంచె మీద దింపకుండా ఉంటే చాలు" అన్నాడు ఒకడు.

"ఊరుకో. ఆ రోజు మణికట్టుతో పోయింది, అదే పదివేలు" అన్నాడు రెండోవాడు.

అక్క చేతిలోని కొక్కెం అలాగే ఉండిపోయింది. పోయిన నెల తమ్ముడు మణికట్టుకి కట్టుతో ఇంటికొచ్చాడు. స్నానాలగదిలో కాలు జారిందన్నాడు. ఆవిడ ఆ సాయంత్రమే బజారుకెళ్ళి, జారకుండా ఉండే రబ్బరు చాప కొని వాడి గదికి పంపింది.

నేరుగా వాడి దగ్గరికి నడిచింది. "బాత్రూంలో కంచె ఎవరు పెట్టించార్రా?"

తమ్ముడికి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖంలో రంగు దిగిపోయింది. పట్టీ బిగించడం ఆపి, చేతొడుగు విప్పాడు.

"దిగేటప్పుడు గాలి లాగింది అక్కా. కంచెకి తగిలాం. నాతో చీఫ్ కూడా ఉన్నాడు. ఎవరికీ ఏమీ కాలేదు, నాకు తప్ప."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఎక్కనిచ్చేదానివా?"

"ఎక్కనిచ్చేదాన్ని కాదు."

"మరి!"

బావ ఏదో జోకు వెయ్యబోయి, అక్క ముఖం చూసి నోరు మూసుకున్నాడు.

అప్పుడే చీఫ్ వచ్చాడు. ఆ మైదానంలో ఎగిరే వాళ్ళందరికీ పెద్దదిక్కు ఆయన. జుట్టు నెరిసిన సన్నటి మనిషి, గట్టిగా మాట్లాడడు. చేతిలోని చిన్న నల్ల బుడగని గాల్లోకి వదిలి, అది ఎటు పోతోందో తలెత్తి చూశాడు. బుడగ నిటారుగా లేచి, చాలా పైకెళ్ళాక మెల్లగా ఊరి వైపు తిరిగింది. "కింద బాగుంది. ఎండ ఎక్కితే గాలి పుంజుకుంటుంది. ఆలోపే దిగిపోండి అందరూ" అన్నాడు. కర్ర మీద పచ్చజెండా ఎగిరింది.

బర్నర్ రొదకి నారింజ గుడ్డ లేచి నిలబడింది. బుట్ట నిటారయింది. తమ్ముడితో పాటు ఎక్కవలసింది ఇద్దరు. ఒకరు బావ. రెండోవాడు జిమ్ మాస్టారు. కండలు తిరిగిన చేతులు, బిగుతు బనీను. పుట్టినరోజు కానుకగా భార్య టికెట్టు కొనిచ్చిందట. ఆవిడ కాస్త దూరంలో ఫోన్లో వీడియో తీస్తోంది. మాస్టారు బుట్ట అంచు మీద చెయ్యేసి ఒక్క ఊపులో లోపలికి దూకాడు.

బావ ఒక కాలు మెట్టు మీద పెట్టాడు. అక్క అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

"మీరు దిగండి. నేనెక్కుతా."

"నువ్వా? నిచ్చెనెక్కి బల్బు మార్చవు, నువ్వెక్కుతావా?"

"మీరిద్దరూ పైనుంటే నేను కింద బతకలేను. ఆ చచ్చేదేదో పైనే చస్తా. కనీసం ఏం జరుగుతోందో కనిపిస్తుంది."

బావ తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు, "నిజంగా వస్తావా అక్కా?" అన్నాడు. ఆ గొంతులో సంతోషం ఉందో భయం ఉందో చెప్పడం కష్టం. బావ కారు తాళాలు జేబులో వేసుకుని, బెలూన్ లేచాక దాని వెంట రోడ్డు మీద వచ్చే బండి ఎక్కుదామని ఆ బండి పక్కన నిలబడ్డాడు.

తమ్ముడు ఇద్దరికీ చెప్పవలసినవి చెప్పాడు. "దిగేటప్పుడు నేను 'కూర్చోండి' అంటాను. వీపు బుట్టకి ఆనించి, మోకాళ్ళు వంచి, ఈ లోపలి తాళ్ళు పట్టుకోవాలి. బుట్ట పక్కకి పడినా నేను చెప్పేదాకా బయటికి దిగకూడదు. ఇదిగో, పైనుంచి వేలాడే ఈ ఎర్రతాడు మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు. ఇది లాగితే పైన మూత తెరుచుకుంటుంది. వేడిగాలి పోతుంది. మనం పడిపోతాం."

"పడిపోతామని మెల్లిగా చెప్పచ్చుగా" అంది అక్క.

ఎప్పుడు లేచారో ఆవిడకి తెలియలేదు. కుదుపు లేదు, ఊపు లేదు. ఎదురుగా నిలబడ్డ బావ ముఖం పోయి, అతని బట్టతల నడినెత్తి కనపడటం మొదలైంది. అంతే. తర్వాత అతను చెయ్యి ఊపే బొమ్మంత అయిపోయాడు. అక్క కళ్ళు గట్టిగా మూసుకుని, లోపలి తాడు రెండు చేతులా పట్టుకుని, బుట్ట నేల మీద కుడికాలు నొక్కి పట్టింది. కాలి కింద పేము కిర్రుమంది. ఆ శబ్దానికి కాలు తీసేసింది.

బర్నర్ ఆపినప్పుడు వచ్చిన నిశ్శబ్దం ఆవిడ ఎప్పుడూ ఎరగనిది. గాలితో పాటే పోతున్నారు కాబట్టి చెంపకి గాలి కూడా తగలడం లేదు. ఎక్కడో కుక్క మొరిగింది. ఎవరో గేటు తీశారు. అంత ఎత్తుకి ఆ గేటు కిర్రుమనడం వినపడింది. ఒక కన్ను తెరిచింది. ఒక డాబా మీద నైటీ వేసుకున్నావిడ దుప్పటి దండెం మీద వేస్తూ, పైకి చూసి, చేతిలోని క్లిప్పు ఊపింది. ఇళ్ళ కప్పుల మీదుగా వీళ్ళ నీడ గుండ్రంగా జారిపోతోంది.

అక్క చూపు ఎక్కువసేపు అక్కడ నిలవలేదు. తమ్ముడి చేతుల మీదికి వచ్చేసింది. ఎంత సేపటికి మంట పెడుతున్నాడు, ఎటు చూస్తున్నాడు, ఏ తాడు లాగుతున్నాడు. తప్పు పట్టుకుందామంటే ఏది తప్పో తెలియదు. కారు కాదు ఇది. వాడు ఇంట్లో ఉన్నప్పటి వాడిలా లేడు. వాగడం లేదు. కింద పొగగొట్టాల పొగ ఎటు వాలుతోందో, చెరువు మీద అల ఎటు పోతోందో చూస్తున్నాడు.

"భయంగా ఉందా అక్కా?"

"నోరు మూసుకుని ముందుకి చూడు."

జిమ్ మాస్టారు మొదట్లో హుషారుగా ఉన్నాడు. అంచు మీదికి వంగి ఫోటోలు తీసుకున్నాడు. "ఇదేం భయమండీ, లిఫ్టెక్కినట్టుంది" అని అక్కకి ధైర్యం చెప్పాడు. ఊరు దాటి పొలాల మీదికి వచ్చేసరికి ఆయన మాటలు తగ్గాయి. ఫోన్ జేబులో పెట్టేశాడు. చేతులు అంచు మీద కాకుండా తాడు మీదికి వచ్చాయి. పెదవులు పాలిపోవడం అక్క గమనించింది. మొదటిసారి స్టీరింగు ముందు కూర్చున్నవాళ్ళలో ఆ రంగు ఆవిడ బోలెడుసార్లు చూసింది.

ఎండ ఎక్కింది. చీఫ్ చెప్పినదానికంటే ముందే ఎక్కింది. నీడ కింద జారడం మానేసి పరిగెత్తడం మొదలుపెట్టింది. వాకీటాకీలో చీఫ్ గొంతు గరగరలాడింది. "గాలి మారింది. అందరూ దొరికిన మొదటి చోట దిగిపోండి."

"సరే చీఫ్" అన్నాడు తమ్ముడు. వాడి మెడలో నరం ఒకటి కొట్టుకోవడం అక్క చూసింది.

మొదటి చోటు ఒక బడి ఆటస్థలం. తమ్ముడు ఎర్రతాడు కొంచెం లాగి దించబోయాడు. వేగం ఎక్కువైంది. ఆటస్థలం కాళ్ళ కిందనుంచి పక్కకి జారిపోయి, దాని వెనకున్న చెట్ల వరస మీదికొచ్చేసింది. మళ్ళీ మంట పెట్టి లేపాడు. ఒక కొమ్మ చివర బుట్ట అడుగుని బరబర గీరింది. అక్క గొంతులోంచి వచ్చిన కేక ఆవిడకే కొత్తగా వినిపించింది.

"ఇంకో చోటుంది. అదిగో, పొలం. పెద్దది, ఖాళీది" అన్నాడు తమ్ముడు. గొంతులో ఊరట. సూర్యుడికి ఎదురుగా పోతున్నారు. కళ్ళు చికిలించుకుని చూస్తూ కిందికి దించసాగాడు. కోత కోసేసిన పొలం వెడల్పుగా దగ్గరికొస్తోంది. మొదళ్ళు విడివిడిగా కనిపిస్తున్నాయి. అక్క మొదటిసారి ఊపిరి పూర్తిగా వదిలింది.

"కూర్చోండి!"

ఇద్దరూ పోతున్న దిక్కుకి వీపులు పెట్టి, బుట్టకి ఆనుకుని మోకాళ్ళు వంచారు. అక్కకి ఇప్పుడు ఎదురుగా వెనకటి దారి, తమ్ముడి ముఖం తప్ప మరేమీ కనపడవు. ఆ ముఖం చూస్తుండగానే మారిపోయింది. కళ్ళు పెద్దవయ్యాయి. పెదవులు ఏదో అన్నాయి, శబ్దం రాలేదు. ఒక్కసారిగా బర్నర్ మీట రెండు చేతులతో గుంజి, వదలకుండా పట్టుకున్నాడు.

"ఏమైందిరా?"

"తీగలు."

పొలం అవతలి గట్టు మీద కరెంటు స్తంభాలు. ఎండ వెలుగులో తీగలు కరిగిపోయి ఇంతసేపూ కనపడలేదు. మంట హోరుమంటోంది. బుట్ట మాత్రం ఇంకా దిగుతూనే ఉంది. పైన గుడ్డలో గాలి వేడెక్కి, ఆ వేడి లాగడం మొదలుపెట్టేదాకా బెలూన్ మాట వినదు. ఆ సంగతి అక్కకి తెలియదు. మంట పెట్టినా ఎందుకు లేవడం లేదన్నదొక్కటే ఆవిడకి తెలుస్తోంది. బ్రేకు తొక్కితే బండి ఆగాలి. ఆగకపోతే ఇంకేం మిగిలింది?

జిమ్ మాస్టారు తల తిప్పి వెనక్కి చూశాడు. తీగలు ఆయనకి కనిపించాయి. కూర్చున్న మనిషి అరుస్తూ లేచి నిలబడ్డాడు. పట్టుకోవడానికి ఏది దొరికితే అది పట్టుకోబోయాడు. చేతికి ఎర్రతాడు దొరికింది.

"వదలండి! అది వదలండి!" తమ్ముడు అరిచాడు. మీట వదిలి ఆయన్ని ఆపడానికి లేదు. మీట వదిలితే మంట ఆగుతుంది.

అక్క ఎలా లేచిందో ఆవిడకే తెలియదు. ఆ కండల చెయ్యి మీద తన రెండు చేతులూ వేసింది. లాగలేదు. లాగితే ఇంకా బిగుస్తుందని ఆవిడ అనుభవం. స్టీరింగు పట్టుకుని బిగుసుకుపోయిన ఎన్నో చేతుల్ని విప్పిన చేతులవి. ఆయన ముఖానికి ముఖం ఆనేంత దగ్గరికి వెళ్ళి, కారులో మాట్లాడే గొంతుతో మాట్లాడింది.

"నా వైపు చూడండి. అటు కాదు, నా కళ్ళలోకి. అటు చూడ్డం మీ పని కాదు. అది చూసుకునేవాడు చూసుకుంటున్నాడు. ఊపిరి వదలండి. వదలండి బాబూ, మొత్తం. ఆ... చిటికెన వేలు తియ్యండి. చాలు. ఇప్పుడు పక్క వేలు."

ఆయన కళ్ళు ఆవిడ కళ్ళకి అతుక్కుపోయాయి. చెమట ముక్కు మీదుగా కారుతోంది. ఒక వేలు విడింది. ఇంకోటి. ఆ చెయ్యి తాడు మీంచి జారి అక్క భుజాన్ని పట్టుకుంది, ఎముక నలిగేంత గట్టిగా. ఆవిడ దాన్ని అలాగే ఉంచి, ఆయన్ని కిందికి కూర్చోబెట్టి తానూ కూలబడింది.

తీగల వైపు ఆవిడ చూడలేదు. చూడటానికి వీలు లేకపోయింది. తమ్ముడి వైపూ చూడలేదు. చెవుల్లో మంట హోరు, ముక్కు నిండా గ్యాస్ వాసన, భుజం మీద ఆ మనిషి బరువు. వాడేం చేస్తున్నాడో చూసే తీరిక లేకుండా వాడి చేతుల్లో ఉండిపోవడం ఆవిడ జీవితంలో అదే మొదటిసారి.

కిందినుంచి ఏదో ఆవిడ మడమల్ని పైకి నెట్టింది. బుట్ట నేల ఒత్తుతోంది. లేస్తున్నారు. తీగల మీది పిట్టలు గోలగోలగా లేచి బుట్ట చుట్టూ చెల్లాచెదురయ్యాయి. ఒక రెక్క ఆవిడ జుట్టుకి తగిలినట్టే అనిపించింది. తర్వాత బర్నర్ ఆగింది.

"దాటాం" అన్నాడు తమ్ముడు. గొంతు కీచుగా ఉంది, చిన్నప్పటిలా. "లేవద్దు. ఇప్పుడు దింపేస్తా. గట్టిగా తగులుతుంది. పట్టుకోండి."

అవతల దున్ని వదిలేసిన చేను. బుట్ట నేలకి తగిలి ఎగిరింది. మళ్ళీ తగిలింది. పక్కకి ఒరిగి, మట్టిబెడ్డల మీద దడదడలాడుతూ ఈడ్చుకుపోయింది. తమ్ముడు ఎర్రతాడు ఒంటి బరువంతా వేసి లాగుతూ ఉన్నాడు. చివరికి అంతా ఆగింది. అక్క జిమ్ మాస్టారి మీద పడి ఉంది. నోట్లో మట్టి.

"అక్కా! అక్కా, పలుకు!"

"చావలేదు, అరవకు" అంది అక్క.

పాక్కుంటూ బయటికొచ్చి, ముందు తమ్ముడి తల, మెడ, చేతులు తడిమి చూసింది. చిన్నప్పుడు గోడ మీంచి పడితే చూసినట్టే చూసింది. ఏమీ విరగలేదని తేలాక వీపు మీద ఒక్కటి చరిచింది. వాడు ఆ దెబ్బకి నవ్వబోయి, తిరిగి, నాలుగడుగులు నడిచి, గట్టు పక్కన వంగి వాంతి చేసుకున్నాడు. అక్క నీళ్ళ సీసా పట్టుకెళ్ళి వాడి నుదురు పట్టుకుంది.

"కళ్ళలో ఎండ పడింది అక్కా. పొలం బాగుందని సంబరపడిపోయా. స్తంభాలు ముందు వెతకాలి. వెతకలేదు" అన్నాడు నోరు తుడుచుకుంటూ.

ఇంకోవైపు జిమ్ మాస్టారు మట్టిలో చతికిలబడి భార్యతో ఫోన్లో మాట్లాడుతున్నాడు. "బ్రహ్మాండంగా ఉంది. ఏం లేదు, కొంచెం గాలి" అంటున్నాడు. ఫోన్ చెవి దగ్గర నిలవడం లేదు. పెట్టేశాక అక్క భుజం వైపు చూసి, తన వేళ్ళ గుర్తులు అక్కడ ఎర్రగా తేలి ఉండటం గమనించి, తల దించుకున్నాడు. "క్షమించండమ్మా" అన్నాడు.

"కారు నేర్చుకునేవాళ్ళు ఇంతకంటే గట్టిగా పట్టుకుంటారు" అంది అక్క. అది అబద్ధం.

బండి దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది. బావ దూకి పరిగెత్తుకొచ్చాడు. తీగలూ బెలూనూ కలిసిపోతున్నట్టు కింది నుంచి చూసిన మనిషి. అక్క చీరకొంగుకి అంటిన మట్టి దులుపుతూ అలాగే నిలబడిపోయాడు. జోకు రాలేదు.

వెనకే ఇంకో బండిలో చీఫ్ దిగాడు. తీగల వైపు, చేలో పడ్డ గీతల వైపు చూసి తమ్ముడి దగ్గరికొచ్చాడు. ఆయన నోరు తెరిచేలోపే అక్క అడ్డుకుంది.

"చూడండి, వీడి తప్పేం లేదు. గాలి ముందే మారింది. మీరు చెప్పినదానికంటే ముందే మారింది. ఎండ కళ్ళలో కొట్టింది. ఇంకొకరైతే తీగల మీదే పెట్టేవాళ్ళు. వీడు దాటించాడు. నేనున్నాగా బుట్టలో!"

పొద్దున మైదానంలో, వీణ్ణి ఎక్కనివ్వకండని ఈయన కాళ్ళు పట్టుకుందామా అనుకున్న మనిషి తానేనని ఆవిడకి ఆ క్షణంలో గుర్తు లేదు.

చీఫ్ తమ్ముడి వైపే చూస్తున్నాడు. తమ్ముడు అక్క చెయ్యి మెల్లగా పక్కకి తీశాడు.

"తీగలు ఆలస్యంగా చూశాను చీఫ్. దిగడం మొదలుపెట్టాక చూశాను. ముందే చూడాల్సింది. పోయిన నెల కంచె దగ్గర కూడా ఇదే తప్పు. చోటు దొరికిందనగానే మిగతాది వెతకడం మానేస్తున్నాను."

వాడు చేసిన పని వాడి నోటితో, అడక్కుండా, ఎదుటి మనిషి కళ్ళలోకి చూస్తూ చెప్పడం అక్క ఇంతవరకు వినలేదు.

"చూశాక ఏం చెయ్యాలో అది చేశావు" అన్నాడు చీఫ్. "కానీ జనాన్ని ఎక్కించుకోవడం కొన్నాళ్ళు ఆపు. నా పక్కన ఎగురు. దిగేటప్పుడు ఏం చూస్తున్నావో పైకి చెప్తూ దిగు. నాకు వినపడేలా."

"సరే చీఫ్."

"వాకీటాకీలో నీ గొంతు బాగుంది. కంగారు లేదు."

"నాకే తెలీదు చీఫ్, కంగారెక్కడికి పోయిందో. ఇప్పుడొచ్చింది."

చీఫ్ నవ్వి వాడి భుజం తట్టి వెళ్ళాడు.

తర్వాత అందరూ కలిసి గుడ్డ మడిచారు. లోపల ఇంకా గాలి మిగిలి ఉంది. దాన్ని బయటికి తోలాలంటే పొడవునా చుట్టి, దాని మీద పడుకుని దొర్లాలట. జిమ్ మాస్టారు ఒక చివర, బావ ఒక చివర బోర్లా పడి దొర్లారు. గుడ్డ ఫుస్సుమంటూ తగ్గింది. అక్క కూడా కూర్చుంది. వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనంలో ఒళ్ళంతా ఒక్కసారి సడలి, ఎందుకో తెలియకుండా ఏడుపొచ్చింది. ఎవరూ చూడలేదనుకుంది. తమ్ముడు చూశాడు. చూసి, దగ్గరికి రాకుండా, తాళ్ళు చుట్టుకుంటూ ఉన్నాడు. అదే మంచిదనిపించింది ఆవిడకి.

మర్నాడు పండగ రెండో రోజు. తమ్ముడు ఎగరడు, ఊరికే తాళ్ళు పట్టడానికి వెళ్తాడు. అయినా అక్క, బావ మళ్ళీ మైదానానికి వచ్చారు. రమ్మని ఎవరూ అనలేదు. ఎందుకొచ్చామో ఇద్దరూ మాట్లాడుకోలేదు. గాలి పొద్దుటి నుంచే చెట్లని ఊపేస్తోంది. చీఫ్ నల్ల బుడగ వదిలితే అది వంకరగా పడి పరిగెత్తింది. కర్ర మీద ఎర్రజెండా ఎక్కింది. ఇవాళ ఎవరూ ఎగరకూడదు.

మైదానం నిండా జనం ఉసూరుమన్నారు. పిల్లలు ఏడుపు ముఖాలు పెట్టారు. అంతమందిలో ఒక్క అక్క ముఖమే వికసించింది. దాన్ని దాచుకోవడం ఆవిడ వల్ల కాలేదు.

తమ్ముడు మూడు కప్పుల టీ తెచ్చి, ఒకటి బావకిచ్చి, అక్క పక్కన గడ్డి మీద కూర్చున్నాడు.

"నవ్వుతున్నావు కదూ?"

"లేదు."

"కనిపిస్తోంది."

ఆవిడ టీ ఊదుకుంది. భుజం ఇంకా నొప్పిగా ఉంది. రాత్రంతా కళ్ళు మూస్తే తీగలే. ఆ భయం ఎక్కడికీ పోలేదు. పోతుందని కూడా ఆవిడకి నమ్మకం లేదు.

"మళ్ళీ ఎప్పుడు ఎగురుతావు?"

"చీఫ్ ఎప్పుడంటే అప్పుడు. వచ్చే వారం కావచ్చు."

"ముందు రోజు నాకు చెప్పు."

"చెప్తే ఆ రాత్రి నిద్రపోవు."

"పోను. అయినా చెప్పు. దిగాక కూడా చెప్పు. ఎలా దిగావో, దేనికి తగిలావో, ఉన్నది ఉన్నట్టు."

తమ్ముడు టీ కప్పు రెండు చేతుల మధ్య తిప్పాడు. "తిడతావుగా?"

"తిడతాను" అంది అక్క. "తిట్టించుకో."

వాడు తలాడించాడు. అవతల ఒక కుటుంబం దుప్పటి మడిచి, ఫ్లాస్కు సంచిలో పెట్టుకుని, జెండా వైపు ఆఖరిసారి చూసి, కారు వైపు నడిచింది. బావ తన కప్పులో మిగిలిన టీ కూడా అక్క కప్పులో వంపి, "లేవండి, ఎండెక్కుతోంది" అన్నాడు.